అంచు మీది బరువు

నా చిన్నప్పుడు మా ఊరికి వేళ తప్పకుండా వచ్చేవి రెండే. ఒకటి పొద్దు, రెండోది మా బాపు నడిపే జీపు. ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డికి వచ్చే దారిలో, అడవి దాటాక రోడ్డు వాలుగా దిగే చోట మా ఊరు ఉండేది. మా నాన్నను నేను బాపు అనే పిలిచేదాన్ని. ఆయన మాట తక్కువ మనిషి. పదిమంది పట్టే జీపులో పద్దెనిమిది మందిని కుక్కుకుని వాలు దిగి వచ్చినా, కిరాణా దుకాణం ముందు పాతిన రాయి దగ్గర, సరిగ్గా ఆ రాయి పక్కనే ముందు చక్రం ఆగేది. రాయికీ చక్రానికీ మధ్య ఎంత ఎడం వచ్చిందో కొలవడం నా పని. జానెడు దాటితే ఆ సాయంత్రమంతా ఆయన్ను ఎగతాళి చేసేదాన్ని. ఆయన మీసాల్లో నవ్వుకునేవాడు.

జీపు మాది కాదు. ఎనిమిదేళ్ళు దుబాయిలో పనిచేసి తిరిగొచ్చిన ఒకాయనది. ఊళ్ళో అందరూ ఆయన్ను సేటు అనేవారు. చెడ్డవాడేమీ కాదు. కాకపోతే అక్కడ చూసిన ప్రతిదీ ఇక్కడ కూడా ఉండాలన్న తపన ఆయనకు కాస్త ఎక్కువ. చొక్కాలు తెల్లగా ఉండాలి, అత్తరు వాసన ఆయనకంటే ముందు రావాలి. దుబాయిలో ఇసుక దిబ్బల మీద పరుగులు తీసే బండ్లను చూసి వచ్చాడట. ఆ బండ్ల చక్రాలు ఆయన మనసులోంచి పోలేదు.

ఒక ఎండాకాలం పట్నంలో పాత మిలిటరీ సామాను వేలం వేస్తుంటే పోయి, నాలుగు పెద్ద చక్రాలు కొనుక్కొచ్చాడు. లావు ఇనుప రిమ్ములు, వేలు దూరేంత లోతు గాడులున్న టైర్లు. ఒక్కోదాన్ని దించడానికి ఇద్దరు మగాళ్ళు కావలసి వచ్చింది. జీపుకు బిగిస్తే తాకుతున్నాయని మడ్‌గార్డులు కూడా కోయించాడు. పాత చక్రాలు ఆయన పశువుల కొట్టంలోకి పోయాయి. కొత్త చక్రాల మీద జీపు ఊళ్ళోకి వచ్చిన రోజు అందరికంటే ఎక్కువ మురిసింది నేనే. బళ్ళో తోటి పిల్లలకు మా బాపు జీపు ఇప్పుడు గుట్టలు కూడా ఎక్కుతుందని కోతలు కోశాను. బాపు మాత్రం చక్రాల చుట్టూ ఒకసారి తిరిగి, "బండి బరువైతది సేటు" అన్నాడు. దుబాయిలో ఇసుంటియే నడుస్తయని సేటు భుజం తట్టాడు. ఆ మాట అక్కడితో అయిపోయింది.

మొదటి రోజే చక్రం రాయి దాటి మూడు మూరల అవతల ఆగింది. నేను చప్పట్లు కొట్టి నవ్వాను. రెండో రోజు మనుషులు ఎక్కువున్నారు, ఇంకా ముందుకు పోయింది. మూడో రోజు ఆగింది ఎక్కడో చూసి నాకు నవ్వు రాలేదు, ఆయనా నా వైపు చూడలేదు. దిగాల్సిన ముసలివాళ్ళు అంత దూరం వెనక్కి నడవాల్సి వచ్చేది. వాళ్ళు ఊరికే నడుస్తారా, తిట్టుకుంటూ నడుస్తారు. ఆ తిట్లలోంచే ఒక మాట పుట్టింది. "మళ్ళ మొదలు పెట్టిండు" అని.

ఆ మాటకు ఒక వెనకటి సంగతి ఉంది. బాపుకు ఒకప్పుడు కల్లు అలవాటు ఉండేది. నాకు ఆరేళ్ళప్పుడు పెద్ద జ్వరం వచ్చి కామారెడ్డి దవాఖానలో వారం రోజులు పడి ఉన్నాను. ఇంటికి వచ్చిన రోజు ఆయన నా తల మీద చెయ్యి పెట్టి, ఇక ముట్టనని అమ్మకు మాటిచ్చాడు. అది మొదలు మూడేళ్ళుగా ముట్టలేదు. కానీ ఊరు ఉంది చూశారూ, ఒక మనిషి తాగిన సంగతిని నిన్న జరిగినట్టు గుర్తు పెట్టుకుంటుంది, మానేసిన సంగతిని మాత్రం ఎన్నేళ్ళయినా నమ్మాలా వద్దా అని ఆలోచిస్తూ కూచుంటుంది.

సేటు చెవిన కూడా ఆ మాట పడింది. ఆయన తొందరపడలేదు, ఆ సంగతి ఒప్పుకోవాలి. జీపును కామారెడ్డి గ్యారేజీకి తీసుకుపోయి చూపించాడు. అక్కడి మెకానిక్ చాచా బ్రేకులన్నీ విప్పి చూసి, అన్నీ బాగున్నాయని, కొత్తవాటిలా పనిచేస్తున్నాయని చెప్పి పంపాడు. ఆయన చెప్పింది నిజమే. ఆ నిజమే మా కొంప ముంచింది. బ్రేకుల్లో తప్పు లేదంటే ఇక మిగిలింది డ్రైవరే కదా. ఇంకొక్క ఫిర్యాదు వస్తే తాళంచెవి తీసుకుంటానని సేటు బాపుతో చెప్పాడు. బాపు ఇంటికొచ్చి అమ్మతో ఆ ముక్క ఒక్కటే చెప్పి, కాళ్ళు కడుక్కుని అన్నానికి కూచున్నాడు.

ఇక్కడ నేను చేసిన పని చెప్పాలి. రాయడానికి ఇప్పటికీ సిగ్గుగానే ఉంది. ఆయన ట్రిప్పు ముగించి ఇంటికి రాగానే, చెవిలో ఒక ముచ్చట చెప్తానని పిలిచేదాన్ని. ఆయన వంగేవాడు. నేను ఏదో ఒక పనికిరాని మాట చెవిలో చెప్తూ, ఆయన నోటి దగ్గర గట్టిగా ఊపిరి పీల్చేదాన్ని. డీజిలు వాసన, బీడీ వాసన, చెమట వాసన. కల్లు వాసన లేదు. సంతోషించాలి కదా, నేను సంతోషించలేదు. ఇంటికొచ్చేలోపు వాసన పోయి ఉంటుందేమో అనుకున్నాను. మర్నాడు మళ్ళీ పిలిచాను, ఆ మర్నాడు కూడా. తొమ్మిదేళ్ళ పిల్లకు అంత అనుమానం ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలియదు. ఊరంతా నమ్మిన సంగతిని ఇంట్లో ఒక్కదాన్నే కాదని నిలబడే బలం నాకు లేకపోయిందంతే.

అలా వాసన చూడటం మొదలుపెట్టిన నాలుగో రోజు అసలు గొడవ జరిగింది. దుకాణం రాయి దాటాక పాతిక అడుగుల్లో రోడ్డు వంపు తిరుగుతుంది. ఆ వంపులో కుమ్మరి తాత ఇల్లు. మా వైపు పెండ్లికి ఐరేని కుండలు లేనిదే పందిట్లో పని మొదలు కాదు. ఆడవాళ్ళంతా డప్పులతో కుమ్మరి ఇంటికి పోయి, సున్నం, ఎర్రటి జాజు రంగులతో ముగ్గులు వేసిన ఆ కుండలను నెత్తిన పెట్టుకుని తీసుకొస్తారు. ఎనిమిది రోజుల్లో ఒక పెండ్లి ఉంది. దానికోసం తాత కుండలకు రంగులు వేసి, ఆరడానికి రోడ్డు వారగా వరసగా పెట్టాడు. ఆ రోజు ఎల్లారెడ్డి అంగడి, జీపు నిండా జనం. నేను రాయి దగ్గరే నిలబడి ఉన్నాను. బాపు బ్రేకు మీద దాదాపు లేచి నిలబడటం నా కళ్ళతో చూశాను. చక్రాలు రాయి దాటాయి, నన్ను దాటాయి, వంపు దాకా పోయాయి. కుండలు పగిలిన చప్పుడు వచ్చింది. మనుషులకు ఎవరికీ ఏమీ కాలేదు. కానీ పెండ్లి కుండలు పెండ్లికి ముందే పగలడం ఎంత చెడ్డ శకునమో మా వైపు వాళ్ళకు చెప్పనక్కర్లేదు. జనం బాపును చుట్టుముట్టారు. ఆయన స్టీరింగు పట్టుకుని అలాగే కూచున్నాడు. సేటు వచ్చి తాళంచెవి తీసుకున్నాడు. మర్నాడు పొద్దున కుమ్మరి తాత వాకిట్లోనే నలుగురి ముందు తేల్చుకుందామన్నాడు.

ఆ సాయంత్రం అమ్మ నన్ను పెంకులు ఏరడానికి తాత ఇంటికి పంపింది. తిడతాడని భయపడుతూ పోయాను. ఆయన తిట్టలేదు. అరుగు మీద కూచుని నన్ను చూసి, ఒక మాట అడిగాడు.

"మీ బాపు బండి ఆగేటప్పుడేనా బిడ్డా, బయలెల్లేటప్పుడు గూడ గట్లనే మొరాయిస్తదా?"

బయలుదేరేటప్పుడు కూడా అంతేనని చెప్పాను. ఇంజను ఊరంతా వినబడేలా అరుస్తుంది, జీపు మాత్రం కదలలేక కదులుతుంది. ఆయన తల ఆడించాడు.

"నేను గీ అరుగు మీద కూసోని రోజు చూస్తున్న. తాగినోడు ఆపుడు మరుస్తడు, నిజమే. బండి కదలకపోవుడుకు, తాగుడుకు ఏం సంబంధం?"

ఈ ప్రశ్న మా ఇంట్లో ఎవరికీ తట్టలేదు. బాపు పక్కన నిలబడాల్సిన నాకూ తట్టలేదు. తన కుండలు పోగొట్టుకుని, మళ్ళీ మొదటి నుంచి చేసి, ఆరబెట్టి, కాల్చి, రంగులు వేయాల్సిన మనిషికి తట్టింది.

మర్నాడు పొద్దున వాకిట్లో పదిమంది దాకా చేరారు. పెండ్లివారి తరఫు పెద్దాయన ఒకరు కూడా వచ్చాడు. బాపు గోడవారగా నిలబడ్డాడు. తాత ఎవరినీ మాట్లాడనివ్వకుండా, ముందు ఒక పని చేసి పెట్టమని సేటును వాకిటి నడుమకు పిలిచాడు. కుండలు చేసే చక్రాన్ని సారె అంటారు. తాత కొత్తగా కట్టుకుంటున్న సారె ఒకటి అక్కడ మేకు మీద నిలబెట్టి ఉంది. ఇంకా దాని అంచుకు మన్ను పూయలేదు. నడుమ ఒక చెక్క దిమ్మ, దాన్నుంచి చువ్వలు, చుట్టూ వెదురు చట్రం, అంతే. ఎత్తితే చిన్నపిల్లలు కూడా మోయగలరు.

తాత కొబ్బరికాయంత మన్ను ముద్దలు నాలుగు చేసి, దిమ్మకు ఆనుకుని నాలుగు వైపులా చువ్వల మీద పెట్టి తాళ్ళతో కట్టాడు. సారె తిప్పే కర్ర సేటు చేతికిచ్చి తిప్పమన్నాడు. నాలుగు తోపులకే సారె గిర్రున తిరిగింది. ఇప్పుడు దిమ్మ పట్టుకుని ఆపమన్నాడు. సేటు రెండు అరచేతులతో దిమ్మను అదిమాడు, ఆగిపోయింది. ఇదేం ఆట అన్నట్టు జనం వైపు చూశాడు.

తాత ఆ ముద్దలనే విప్పి, జరిపి, చట్రం అంచుకు కట్టాడు. ఒక్క పిడికెడు మన్ను కలపలేదు, తీయలేదు. మళ్ళీ తిప్పమన్నాడు. నాలుగు తోపులకు సారె నిద్రలోంచి లేచినట్టు కదిలింది. ఎనిమిది, పది, పన్నెండు. సేటు నుదుటి మీద చెమట పట్టింది. చివరికి ఇందాకటి వేగం అందుకుంది. ఆపమన్నాడు తాత. సేటు మళ్ళీ దిమ్మను అదిమాడు. ఈసారి అది ఆయన అరచేతుల్లోనే తిరుగుతూ పోయింది. ఆయన గట్టిగా పట్టుకున్నకొద్దీ చేతులు మండాయి కాని సారె తన దారిన తాను తిరిగింది. అంచు మీది తడి మన్ను ఎగిరి ఆయన తెల్లచొక్కా మీద పడింది. చివరికి అది తనంతట తానే నెమ్మదించింది.

"మన్ను అదే, బరువు అదే, నీ చేతులు అవే సేటు. జాగ ఒక్కటే మారింది. నా సారెకు బరువు అంచుకే ఉండాలె. ఒక్కసారి తిప్పితే కుండ అయ్యేదాక తిరగాలె. నీ బండికి తిరుగుడొక్కటే పని గాదు, ఆగుడు గూడ ఉన్నది. బ్రేకు పట్టేది నడుమ, నువ్వు ఇనుము ఏసింది అంచుకు."

మన్ను సంగతి వేరే, మోటరు సంగతి వేరే అన్నాడు సేటు, చొక్కా దులుపుకుంటూ.

"బరువుకు గా తేడా ఎరుక ఉండదు," అన్నాడు తాత.

తర్వాత నేను చదువుకుని, కామారెడ్డి బళ్ళో ముప్పై ఏళ్ళు సైన్సు పాఠాలు చెప్పాను. తిరిగే వస్తువులో బరువు ఇరుసు నుంచి రెండింతల దూరం జరిగితే దాన్ని తిప్పడానికీ ఆపడానికీ నాలుగింతల శ్రమ పడాలని బోర్డు మీద రాసిన ప్రతిసారీ సేటు అరచేతులు గుర్తొచ్చేవి. తాత చెప్పనిది కూడా కొంత ఉందని అప్పుడు తెలిసింది. చక్రం పెద్దదయ్యేకొద్దీ నడుమ ఉన్న బ్రేకుకు నేల మీద పట్టు తగ్గుతుంది, కదలడానికి ఇంజను పడే కష్టమూ పెరుగుతుంది. మిలిటరీ చక్రాలు పెద్దవీ, బరువైనవీ, ఆ బరువంతా అంచునే ఉన్నవీ. మూడూ కలిశాయి. మొన్న మా మేనల్లుడు కొత్త కారుకు సోకు కోసం పెద్ద చక్రాలు వేయిస్తానంటే ఈ ముచ్చటంతా చెప్పాను. వేసుకో కాని, దుకాణంలో వాటి బరువు తూచి చూసుకో అన్నాను. అత్తమ్మ క్లాసు మొదలుపెట్టిందని నవ్వాడు. నవ్వనీ, తూచి చూసే కొన్నాడు.

ఆ వాకిట్లో సేటు తన అరచేతులు చూసుకున్నాడు. తర్వాత జేబులోంచి తాళంచెవి తీసి, అందరినీ రోడ్డు మీద నుంచి తప్పుకోమని చెప్పి, తానే జీపు ఎక్కాడు. పెండ్లివారి పెద్దాయనతో పాటు మరికొందరిని కూడా ఎక్కమన్నాడు. దుబాయిలో ఎనిమిదేళ్ళు బండి నడిపిన మనిషి, నమాజుకు పోయే మనిషి, జన్మలో కల్లు ముట్టని మనిషి. వాలు పైదాకా పోయి మళ్ళించుకుని వచ్చాడు. మేమంతా రాయి దగ్గర నిలబడ్డాం. ఆయన ఆ రాయి దగ్గరే ఆపితే మా బాపు పని అయిపోయినట్టే.

చక్రం రాయి దాటింది. దాటి పోతూనే ఉంది. నిన్న కుండలున్న చోటికి కొద్దిగా ఇవతల ఆగింది. సేటు దిగలేదు. స్టీరింగు మీద చేతులు పెట్టుకుని, నిన్న మా బాపు కూచున్నట్టే కూచుండిపోయాడు. చివరికి దిగి వచ్చి, తాళంచెవి బాపు చేతిలో పెట్టి, "కొట్టంల పాత చక్రాలున్నయి, మార్చుకో భాయ్" అన్నాడు. క్షమించమని నోటితో అనలేదు. కానీ ఆ మధ్యాహ్నం బాపు నట్లు విప్పుతుంటే, అత్తరు పూసుకున్న ఆ మనిషి రోడ్డు మీద మోకాళ్ళ మీద కూచుని జాకీ తిప్పాడు. పెండ్లివారి పెద్దాయన శకునం సంగతి ఎత్తకుండా, కుండలు ఎప్పటికి అవుతాయని మాత్రం తాతను అడిగాడు. మా అమ్మ పెండ్లి దాకా రోజూ తాత ఇంటికి పోయి, మన్ను తొక్కడం నుంచి రంగులు వేయడం దాకా సాయం చేసింది. పెండ్లి వేళకు కుండలు అందాయి.

పాత చక్రాలతో జీపు మళ్ళీ రాయి దగ్గరే ఆగడం మొదలుపెట్టింది. ఊరు తన మాట మార్చుకుంది. నేను మాత్రం కొలవడం మానేశాను. వాసన చూసిన సంగతి బాపుతో చెప్పాలని ఎన్నోసార్లు నోటిదాకా వచ్చింది. చెప్పలేకపోయాను. తప్పు చేసినవాళ్ళకు మాట రాదంటే ఏమిటో నాకు అప్పుడే తెలిసింది.

చెప్పడానికి పాతికేళ్ళు పట్టింది. అప్పటికి ఆయన జీపు మానేసి చాలా కాలమైంది, చూపు కూడా తగ్గింది. ఒక ఆదివారం పొద్దున ఆయనకు గడ్డం గీస్తూ, ఉన్నట్టుండి చెప్పేశాను. ముచ్చటని పిలిచి నీ నోరు వాసన చూసేదాన్ని బాపూ, నిన్ను నేను కూడా నమ్మలేదు అన్నాను. చెప్తూ ఏడ్చాను. ఆయన నురగ మొహంతో నా చెయ్యి వెతికి పట్టుకున్నాడు.

"ఎరుకే బిడ్డా. మొదటి దినమే ఎరుక. నీ తల మీద చెయ్యి పెట్టి ఇచ్చిన మాట గదా, నిలబడ్డదో లేదో చూసుకునే హక్కు నీకు గాక ఇంకెవలికుంటది? నీకు అందాలెననే గదా వంగిన."

బరువు ఎక్కడుందో చూడకుండా మనిషిని అనవద్దని తాత నాకు నేర్పాడు. బళ్ళో ఆలస్యంగా వచ్చిన పిల్లలను, లెక్క రాని పిల్లలను కోప్పడబోయి, ఆగి, వీళ్ళ మీది బరువు ఎక్కడుందని అడగడం ఆ వాకిట్లోంచి వచ్చిన అలవాటే. బాపు దగ్గర నేర్చుకున్నది దీనికంటే కష్టమైనది, నాకింకా పూర్తిగా రాలేదు. నా మీద ఎవరికైనా అనుమానం వస్తే ముందు నాకు కోపమే వస్తుంది, నా నోరు అలాంటిది. ఆ తర్వాత, పగలంతా బండి నడిపి అలసి వచ్చిన ఆ మనిషి తొమ్మిదేళ్ళ పిల్ల ముందు అంత కిందికి వంగిన తీరు గుర్తొస్తుంది. అప్పుడు కోపం మింగుకుని, వాళ్ళు చూసుకోగలిగినంత దగ్గరికి వెళ్ళి నిలబడతాను.